గృహకళలు: రేఖలలో రూపము

చూచిన ముఖమును చూచినట్లే వ్రాయు విద్యకు మన పురాణములలో పేరుపడినది ఒక స్త్రీ. బాణాసురుని మంత్రియగు కుంభాండుని కూతురు చిత్రలేఖ తన చెలికత్తెయైన ఉషాకన్య కొఱకు దేవగంధర్వాదులను, మనుష్యులను, యాదవ వీరులను వరుసగా పటముపై వ్రాసి చూపినదని భాగవతము చెప్పుచున్నది. ప్రద్యుమ్నుని రూపము చూచి ఉష సిగ్గుపడినది. అనిరుద్ధుని చూచి చిఱునవ్వుతో తల వంచుకొన్నది. ఆ పటములోని రంగులెట్టివో మనకు తెలియదు. ఎఱిగినవారు చూచినంతనే గుఱుతించిరి, అంతియ చాలును. రూపచిత్రమునకు ఇంతకన్న వేఱొక పరీక్ష లేదు.

అట్టి చిత్రమును కుంచెయు రంగుగిన్నెలును లేకయే, కంప్యూటరుపై వెక్టరు పద్ధతిని వ్రాయుటెట్లో తెలుపుడని కొందఱు పాఠకురాండ్రు కోరుచున్నారు. ఇంటిపని ముగిసిన పిమ్మట దినమునకొక గంట తీరిక దొరకిన యిల్లాలికి ఈ విద్య అందనిది కాదని మా యభిప్రాయము. కావున ఈ మాసము ఆ విషయమునే చర్చింపదలచితిమి.

మొదట దీని యవసరమెట్టిదో చెప్పెదము. మన యిండ్లలో గోడలకు వ్రేలాడు పటములను చూడుడు. తాతగారిది నిలువుటద్దమంత పటముండును. అవ్వగారి పటము పెక్కిండ్లలో ఉండదు. ఆమె స్టూడియోకు పోయి ఫోటో తీయించుకొనుటకు తీరిక చిక్కలేదు. తీసికొని పోవువారును లేకపోయిరి. ఆమె పోయిన తరువాత వెదకగా వోటరు కార్డుపై బొటనవ్రేలి గోరంత బొమ్మయో, పెండ్లి గుంపులో ఎవరి భుజము వెనుకనో సగము ముఖమో దొరకును. దానిని పెద్దది చేయింపబోయినచో ముఖము చదరములు చదరములుగా విడిపోవును.

ఇట్లేల జరుగును? ఫోటో యనునది పిక్సెళ్లనబడు చిన్న చదరముల కూర్పు. నేతలో పడుగు పేకలు కలిసిన చోట్లను రంగులతో నింపినట్లు ఒక్కొక్క చదరమునకు ఒక్కొక్క రంగుండును. ఎన్ని చదరములతో బొమ్మ పుట్టినదో అన్నియే దానికున్న ధనము. పెద్దది చేసినప్పుడు చదరము పెద్దదగునే గాని క్రొత్త సంగతి యేదియు పుట్టదు.

వెక్టరు చిత్రమట్లు గాదు. ధనుర్మాసపు ముగ్గును తలచుకొనుడు. పదునైదు చుక్కలు, ఎడమ చుక్కలు ఎనిమిది వఱకు అని లెక్క తెలిసినచో ఆ ముగ్గును గడపమీద జానెడంత వేయవచ్చును, వీధి కడ్డముగ బండెడంత వేయవచ్చును. పెద్దదైనంత మాత్రమున గీత చెదరదు. ఏలయన మనము దాచుకొన్నది ముగ్గుపిండిని గాదు, చుక్కల లెక్కను, మెలికల వరుసను. వెక్టరు ఫైలులో దాచబడునదియు అట్టి లెక్కయే. ఏ చుక్క యెచ్చట నున్నది, ఒక చుక్కనుండి మఱియొక చుక్కకు గీత యెట్లు వంగుచు పోవలయును, లోపల ఏ రంగు నింపవలయును అను సంగతులు మాత్రమే అందుండును. కావున ఆ బొమ్మను తపాలాబిళ్లంత అచ్చు వేయించినను, ఫ్లెక్సీయంత వేయించినను అంచు తేటగానే యుండును.

ఈ వంపుగీతకు బెజియే వక్రరేఖయని పేరు. ఫ్రాన్సు దేశమున రెండు కారుల కర్మాగారములలో, సీత్రోయెన్‌నందు పాల్ ద కాస్టెల్జో అను గణితవేత్త 1959లోను, రెనోలో పియేర్ బెజియే అను ఇంజనీరు 1960ల దశకమునను, కారు రేకుల వంపులను లెక్కగా వ్రాయుటకై దీనిని వాడిరి. దీని మర్మము కుట్టుపని తెలిసినవారికి కష్టము గాదు. గీతకు రెండు కొసలు, ఆ కొసలనుండి వెడలిన రెండు పిడులు, మొత్తము నాలుగు చుక్కలనుకొనుడు. వానిని వరుసగా కలిపిన మూడు గీతలకు నడిమి చుక్కలు పెట్టుడు. ఆ మూటిని కలిపిన రెండు గీతలకు నడిమి చుక్కలు పెట్టుడు. ఆ రెంటిని కలిపిన గీతకు నడిమి చుక్క పెట్టినచో అది వంపుగీత మీదనే పడును. పిడిని దూరము లాగినకొలది వంపు ఆ వైపునకు నిండుగ పొంగును. కంప్యూటరు ఈ లెక్కను కనుఱెప్పపాటులో చేయును; మన పని పిడిని లాగుట మాత్రమే.

తెఱపై నేరుగా గీతలు గీయు స్కెచ్‌ప్యాడను ప్రోగ్రామును అమెరికాలో ఐవాన్ సదర్లండు 1963లో ప్రకటించెను. అడోబీవారి ఇల్లస్ట్రేటరు 1987లోను, కోరల్‌డ్రా 1989లోను వెలువడినవి. మన యూళ్లలోని శుభలేఖల దుకాణములలోను, ఫ్లెక్సీ దుకాణములలోను చిరకాలముగా వాడుకలోనున్నది కోరల్‌డ్రాయే. వెలలేక లభించు ఇంక్‌స్కేపు 2003లో పుట్టినది. ఇంట నేర్చుకొనువారికి మేము దీనినే చెప్పుదుము. దీనికి సుంకము లేదు, చందా లేదు, పిల్లల చదువుకై కొన్న పాత కంప్యూటరుపైనను పనిచేయును. ఇది చిత్రమును ఎస్వీజీ యను రూపమున భద్రపఱచును. 2001లో అంతర్జాల ప్రమాణముగా అంగీకరింపబడినందున ఆ రూపమును వేఱు ప్రోగ్రాములును చదువగలవు.

ఇది సీమవిద్య, మన చేతికి లొంగునా యని సంకోచింపనక్కఱలేదు. తిరుపతికి సుమారు నలుబది కిలోమీటర్ల దూరమున సువర్ణముఖీ తీరముననున్న శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు చేయుచున్నది ఇట్టి క్రమమే. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి యారవేయుదురు. పాలలోని జిడ్డు రంగును ప్రక్కకు ప్రాకనీయదు. చింతబొగ్గుతో రూపు గీసి, పిమ్మట వెదురు కలముతో కసిమి పట్టింతురు. ఇనుప తుక్కును బెల్లపు నీటిలో నానబెట్టి పులియనిచ్చిన నల్లరంగే కసిమి. తరువాత పటిక పూసిన చోటనే ఎఱుపు పట్టును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్కమాఱు ఉతుకును, ఎండును ఉండును. మొదట రేఖ, పిదప ఒక పొరపై నొక పొర. ఈ విద్యయందు పేరుగాంచిన జొన్నలగడ్డ గుఱప్పసెట్టిగారికి 2008లో పద్మశ్రీ బిరుదము లభించినది. కలంకారీ గుడ్డపై వేసిన గీతను చెరపుట కష్టము. కంప్యూటరులో వేయిమాఱులు చెరపవచ్చును. భేదమింతియే. శ్రీకాళహస్తి కవియగు ధూర్జటి పేరిట తెలుగు ఫాంటొకటి కలదు. దానిలోని అక్షరములన్నియు ఇట్టి వంపుగీతల కూర్పులే. కంప్యూటరులో తెలుగు చదివినవారెల్లరు తెలియకయే వెక్టరు చిత్రములను చూచినవారే.

అయితే కలంకారీ ముఖమునకును మన మిచ్చట వ్రాయదలచిన ముఖమునకును భేదము కలదు. కలంకారీలో దేవుడు నీలముగా, స్త్రీ పసుపువన్నెగా ఉండుట ఒక సంప్రదాయము. అది జాతిని తెలుపునే గాని ఒక్క మనిషిని తెలుపదు. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము చిత్రములను సత్యము, వైణికము, నాగరము, మిశ్రమమని నాలుగు విధములుగా చెప్పినది. లోకములోనున్న దానిని పోలినది సత్యము. ఈ మాసపు విషయము ఆ సత్యచిత్రమే. ఆ గ్రంథములోనే ఆచార్యులు రేఖను మెచ్చుదురనియు, నేర్పరులు నీడల దిద్దుబాటును మెచ్చుదురనియు, స్త్రీలు నగలను మెచ్చుదురనియు, తక్కినవారు రంగుల నిండుదనమును మెచ్చుదురనియు ఉన్నది. మన గూర్చి ఆ గ్రంథకర్త చెప్పిన మాటను మనము పని చేసి చూపియే కాదనిపింపవలయును.

ఇక పనిలోనికి దిగుదము.

దొరకినంతలో మంచి ఫోటోను స్కాను చేయించి, ఇంక్‌స్కేపులో అన్నిటికన్న క్రింది పొరగా ఉంచుడు. దానిని సగము వెలిసినట్లు పలుచన చేసి, కదలకుండ తాళము వేయుడు. దానిపై రేఖలకొక పొర, చర్మమునకొక పొర, కన్నులకు, కేశములకు, వస్త్రమునకు వేఱువేఱు పొరలు పెట్టుకొనుడు. వంటయింట డబ్బాలమీద పేళ్లు వ్రాసికొన్నట్లు పొరలకును పేళ్లు పెట్టినచో పిదప వెదకులాట యుండదు.

ఫోటోను తానే గీతలుగా మార్చు మీటయు ఆ ప్రోగ్రాములో కలదు. దానిని నమ్ముకొనవలదు. చిన్న ఫోటోనిచ్చినచో అది మచ్చను మచ్చగా, మసకను మసకగా గీసి వేలకొలది చుక్కలు పెట్టును. చేతితో గీయునపుడు మనకు తెలియునది దానికి తెలియదు. ఇది ముక్కుపుడక, ఇది ఫోటోమీద పడిన సిరాచుక్క యని అది వేఱుపఱుపలేదు.

కలము గుర్తు గల పనిముట్టుతో ముఖపు అంచును గీయునపుడు చుక్కలు తక్కువగా పెట్టుడు. వంపు తిరుగు చోటులందే, అనగా మిక్కిలి పైకి, మిక్కిలి క్రిందికి, మిక్కిలి ప్రక్కకు పోయిన చోటులందే చుక్క పెట్టినచో గీత సాగును. నిండు వృత్తమునకైనను నాలుగు చుక్కలు చాలును. చెక్కిలికి పది చుక్కలు పెట్టినవారి గీత గతుకుల బాటవలె నుండును.

సామాన్యముగా కన్నులు నడినెత్తికిని గడ్డమునకును నడుమ సగము దూరమున నుండును. రెండు కన్నుల నడుమ మఱియొక కన్ను పట్టునంత చోటుండును. ఈ కొలత తెలిసియుండుట మంచిదే. కాని పోలిక కొలతలో లేదు, కొలత తప్పిన చోటనే యున్నది. ఒక కనుబొమ్మ రవంత పైకుండుట, నవ్వునపుడు పెదవి ఒక మూలకు పోవుట, ఇవియే మనిషిని పట్టి యిచ్చును. వానిని సమముగా దిద్దితిమా, ముఖము చక్కనగును, మనిషి మాయమగును.

ముఖమున నల్లగీతలు లేవనియు, వెలుగు నీడల పలకలే కలవనియు గ్రహించుటయే ఈ విద్యలో సగము. కన్నులు చిట్లించి ఫోటోను చూచినచో సన్నని వివరములు పోయి నీడలు దీవులవలె కనబడును. ఆ దీవుల యంచులను మూసిన ఆకారములుగా గీసి, అయిదాఱు తరగతుల రంగు నింపుడు. మొదట నడిమి వన్నె ముఖమంతయు; దానిపై కొంచెము ముదురు, ఇంకను ముదురు; పిదప వెలుగు పడిన నొసలు, ముక్కుదూలము, చెక్కిలి. అంచులు కత్తిరించినట్లున్నచో ఆకారమునకు కొద్దిగా మసక పట్టింపవచ్చును, లేక ఒక రంగునుండి మఱియొక రంగునకు మెల్లగా జాఱు గ్రేడియంటును నింపవచ్చును. ముఖముపై వలవలె చుక్కలు పఱచి ఒక్కొక్క ముడికి ఒక్కొక్క వన్నె నిచ్చు మెష్ పద్ధతియు కలదు. 1998లో ఇల్లస్ట్రేటరులో వచ్చినది, ఇంక్‌స్కేపులోను ఉన్నది. కాని అది చేయి తిరిగిన తరువాతి మాట. మొదటి చిత్రము పొరల పద్ధతినే చేయుడు.

చామనచాయ ముఖమునకు నీడ కావలసినపుడు నలుపు కలుపరాదు; బూడిద పూసినట్లగును. రాగివన్నెయో, ముదురు కుంకుమవన్నెయో కలుపవలయును. అట్లే వెలుగునకు తెలుపును కలుపక తేనెవన్నెను కలుపుడు. కంటి తెలుపు నిజముగా తెలుపు గాదు. పై ఱెప్పనీడ దానిపై పడును. ఆ నీడ వ్రాయనిచో బొమ్మ బెదరి చూచుచున్నట్లుండును. పాపలో వెలుగుచుక్క చిన్నది, రెండు కన్నులలో ఒకే వైపున నుండవలయును. ఆ చుక్క పడిన తోడనే బొమ్మ మనవంక చూచును. కేశములను వెండ్రుక వెండ్రుకగా మొదలుపెట్టువారు మూడవనాడే విసిగి మానుదురు. ముందు జడయంతయు ఒక ముద్దగా గీసి, దానిపై పాయలు, చివరకు నొసటిమీది నాలుగు వెండ్రుకలు వేసిన చాలును. చీర అంచునకు ఒక్క పువ్వును గీసి దానినే వరుసగా నిలుపవచ్చును.

పని ముగిసిన పిమ్మట పెద్ద పటమునకు ముందు చిన్న నమూనా అచ్చు వేయించుకొనుడు. తెఱ ఎఱుపు, ఆకుపచ్చ, నీలపు వెలుగులతో రంగు చూపును. అచ్చుయంత్రము నీలము, గులాబి, పసుపు, నలుపు సిరాలతో చూపును. తెఱపై కళకళలాడిన వన్నె కాగితముపై మందగించుట సహజము.

ఇంతవఱకు చెప్పినది చేతిపని. ఇకమీద చెప్పునది మనస్సునకు సంబంధించినది. మాకు ముఖ్యముగా తోచునదియు అదియే.

మా యూర ఒక గృహిణి తల్లి జీవితమంతయు వేరుసెనగ చేలలో పనిచేసి కాలము చేసినది. ఆమెకు మిగిలినది వోటరు కార్డు బొమ్మయొక్కటే. కూతురు దానిని పెద్దది చేయింపగా, చేసినవారు ప్రీతికొఱకే గాబోలు, ముఖము తెల్లగా దిద్ది, నొసటి గీతలు తుడిచి, మెడలో లేని కాసుల పేరు వేసి యిచ్చిరి. పటము బాగున్నదని వచ్చినవారందఱు ననిరి. కూతురు మాత్రము దానిని గోడవైపు త్రిప్పి పెట్టినది. పిదప తన కొమార్తె కంప్యూటరుపై ఈ పని నేర్చి, రాత్రి భోజనములైన తరువాత గంటసేపు కూర్చుండి, నలుబది దినములలో తల్లిని తానే వ్రాసికొన్నది. కార్డు బొమ్మలో మసకబాఱిన కనుకొలకులను తన అక్కచెల్లెండ్ర ముఖములలో వెదకి పట్టుకొన్నది. ఒకనాడు మేనత్త యింటికి వచ్చి, ఎవరు చెప్పకముందే పటము ముందు నిలిచి, "ఇది మా వదినె గదమ్మా! ఎండలోంచి వచ్చి చెంబెడు నీళ్లడిగేటప్పుడు ఇట్లే కండ్లు చిట్లించుకొని చూస్తా ఉండె" నని కంట నీరు పెట్టుకొన్నది. మేనత్త గుఱుతించినది ఏ గీతలను? మొదటి పటములో తుడిచివేయబడిన గీతలనే.

సోదరీమణులారా, తెలుపే అందమనెడి మాట మన యిండ్లలో ఆడుపిల్ల పుట్టిననాడే మొదలగును, పెండ్లిచూపులనాడు పెద్దదగును. చనిపోయిన తరువాతనైనను ఆ తల్లికి తన చాయతో నుండు స్వాతంత్ర్యము లేకపోవలయునా? ఎండలో పనిచేసి మనలను పెంచిన ముఖము నల్లబడినదన్నచో ఆ నలుపు ఆమె సంపాద్యము. దానిని తుడుచుట మర్యాద చేయుట గాదు, మఱచుట. మౌసు చేతిలోనున్నప్పుడు ఒక్క నొక్కుతో వన్నె తేల్చవచ్చును. ఆ నొక్కును ఆపుకొనుటయే ఈ విద్యలోని సంయమము. ఇట్లనుటచే ఫోటోలో నలిగిన కొంగును సవరింపరాదని గాదు, దీపపు వెలుగు చాలక నల్లబడిన చోటును తేల్చరాదనియు గాదు. ఫోటో దోషమును దిద్దవచ్చును, మనిషిని దిద్దరాదు. ఈ రెంటికి నడుమ సందేహము కలిగినచో ఆమెతో కలిసి బ్రతికిన పెద్దలనడుగుడు.

ఇప్పుడు కొన్ని మాటలు చెప్పినంతనే ముఖమును కల్పించి యిచ్చు యంత్రములును వచ్చినవి. చిన్న ఫోటోనిచ్చినచో నిమిషములో పెద్దదానిగా, తళతళలాడునట్లు చేయును. కాని లేని వివరమును అది వేలకొలది యితర ముఖములను చూచి నేర్చిన దానినుండి పూరించును. ఆ కంటికొలకు ఎవరిదో, ఆ పెదవి యెవరిదో! మన గోడమీద పూలదండ వేసి నమస్కరించునది ఎవరి ముఖమునకు? తెలియని చోటును తెలియనట్లే మృదువుగ విడుచుట చేతి చిత్రమునకు సాధ్యము.

వెక్టరు పద్ధతికిని హద్దులున్నవి. చర్మములోని సన్నని రంధ్రములవంటివి దీనిలో వ్రాయుట వృథాశ్రమ. ఫోటో మంచిదై కొంచెమే చినిగియున్నచో, దానిని ఫోటోగానే బాగు చేయించుట మేలు. మూలము మిక్కిలి చిన్నదై, పటము పెద్దది కావలసినపుడే ఈ పద్ధతి గొప్పతనము తెలియును. జీవించియున్నవారి ముఖమును వ్రాయునపుడు, ముఖ్యముగా ఆడుపిల్లలది, వారి యనుమతి లేనిదే ఎవరికిని పంపరాదు. ఫోన్లో నొకమాఱు వెడలిన బొమ్మ మఱల మన చేతికి రాదు.

కాబట్టి పోయినవారి కొఱకు వెదకులాడుటకంటె, ఉన్నవారిని ఇప్పుడే చూచుకొనుడు. అత్తగారిని, అమ్మగారిని, ఇంట పనికివచ్చు అవ్వను ఉదయపు వెలుగులో కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి ఒక మంచి ఫోటో తీసి యుంచుడు. వారు "ఈ ముసలి ముఖమెందుకే" యని తప్పించుకొందురు, విడువవలదు. మొదటి చిత్రమును వారిని ఎదుట కూర్చుండబెట్టుకొనియే వ్రాయుడు. పోలిక తప్పినచో వారే నవ్వి చెప్పుదురు. అంతకన్న మంచి గురువు దొరకదు.

చివరగ నొక మాట. తిరుమల ఆలయములో తిరుమలదేవీ చిన్నాదేవులతో చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయల రాగి ప్రతిమలను మీలో పెక్కుమంది చూచియుందురు. 1513 మొదలు 1521 వఱకు ఏడుమాఱులు కొండకు వచ్చిన ఆ రాజుయొక్క రూపము మనకు నేటికిని తెలియుచున్నది. ఆ ప్రతిమల భుజములపై పేళ్లు చెక్కబడియున్నందున ఎవరు ఎవరో నేటికిని సందేహము లేదు. రాణులకు దక్కిన ఆ గౌరవము మన యవ్వలకును దక్కవలయును. చిత్రము ముగిసిన దినముననే దాని మూలను ఆమె పేరు, పుట్టిన యూరు, తెలిసినచో పుట్టిన సంవత్సరము వ్రాయుడు. ఫలానివారి భార్యయని గాదు, ఆమె పేరే వ్రాయుడు. మూడు తరముల పిదప ఆ పటమును చూచు పిల్ల ఆమెను పేరుపెట్టి తలచుకొనగలదు.